తెగిన బేరం, తడిసిన గోడ

"బేరం ఒకసారి తెగాక నేను మళ్లీ కూర్చోనమ్మా," అన్నారు వెంకటప్పయ్యగారు, గేటు గడియ మీద నుంచి చెయ్యి తియ్యకుండానే.

నా పక్కన నిలబడ్డ సుధామణి తల దించుకుంది. ఆమె ఫిజియోథెరపిస్టు. విజయవాడలో చాలా మోకాళ్లు ఆమె చలవతోనే నడుస్తున్నాయి. క్లినిక్కు మాత్రం ఒక బట్టల కొట్టు పైన రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పి తగ్గించుకోవడానికి వచ్చినవాళ్లు ముందు ఆ మోకాళ్లతోనే మెట్లన్నీ ఎక్కాలి. ఎక్కలేనివాళ్లు కింద కొట్లో జాకెట్టు ముక్కలు కొనుక్కుని వెళ్లిపోతారు. ఇది చాలదన్నట్టు ఆషాఢం రాకముందే ఖాళీ చెయ్యమని ఆ బిల్డింగు ఓనరు చెప్పేశాడు. అందుకే పటమటలంకలో, బందరు కాలవ పక్కనున్న ఈ ఇంటి మీద ఆమె ప్రాణం పెట్టుకుంది. ఒక్క మెట్టు ఎక్కితే హాలు. వీల్‌చెయిర్ కూడా నేరుగా లోపలికి వస్తుంది.

ఏప్రిల్‌లో ఇంటాయన వెంకటప్పయ్యగారితో ధర కుదిరింది. మే నెలలో మేస్త్రీని తీసుకొచ్చి చూసుకుంటే పడమటి గది గోడ తడిసి ఎర్రటి మచ్చలు కట్టి ఉంది. కాలవ నీళ్లు పునాదిలోకి దిగాయన్నాడు మేస్త్రీ. సుధామణి హడలిపోయి ఆ సాయంత్రమే ఫోన్ చేసి బేరం మానుకుంది. ఇప్పుడు జూన్. ఆమెకు ఇల్లు మళ్లీ కావాలి.

నా పేరు శ్రీదుర్గ. గవర్నరుపేటలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతాను. డిటెక్టివ్ అనగానే పిస్తోలు ఊహించుకోకండి. నా దగ్గరికి వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలే. అబ్బాయి తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, జుట్టు సొంతమేనా, ఇలాంటివి. తెగిపోయిన సంబంధాన్ని కలపమన్నవాళ్లున్నారు గాని, తెగిపోయిన ఇంటి బేరాన్ని కలపమన్నది సుధామణి ఒక్కతే.

"నిన్న స్కూటీ మీద వస్తుంటే కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారండీ," అంది ఈ పొద్దున నా ఆఫీసులో కూర్చుని. "వికెట్లు కాలవ మధ్యలో పాతారు. కాలవలో చుక్క నీళ్లు లేనప్పుడు గోడకి ఎక్కణ్ణించి వచ్చాయి?"

ఆ ఒక్క ప్రశ్నకే నేను కేసు ఒప్పుకున్నాను. "మా ఆయనకి మాత్రం చెప్పొద్దండీ," అంది. ఆయన దుర్గాప్రసాద్, వన్‌టౌన్‌లో పసుపు హోల్‌సేల్ వ్యాపారం. అడిగిన ధరకి అగ్గిపెట్టె కూడా కొన్న మనిషి కాదట. చెబితే ముందు నా ఫీజు దగ్గరే బేరం మొదలెడతాడట.

అసలు చిక్కు ఇంకొకటుంది. హాస్టల్ పెట్టుకోవడానికి ఒక కోచింగ్ సెంటర్ ఓనరు ఈ ఇంటిని తక్కువ ధరకి అడిగాడు. ఈరోజే అగ్రిమెంటు. అయితే ఇవాళ శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. రాహుకాలంలో ఈ ఊళ్లో ఎవరూ సంతకం పెట్టరు. కాబట్టి నాకున్న సమయమల్లా అదే. ఎవరూ మంచిపని మొదలుపెట్టని ఆ గంటన్నరలో నేను పని మొదలుపెట్టాను.

"ఒక్క ప్రశ్న అడగొచ్చాండీ?" అన్నాను వెంకటప్పయ్యగారితో.

"మీరు పోలీసా?"

"కాదండీ. పెళ్లి సంబంధాలు వాకబు చేస్తుంటాను."

"ఈ ఇంట్లో పెళ్లికి ఎవరూ లేరు."

"గోడ ఉంది కదండీ. దాని గుణగణాలు కనుక్కుందామని."

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. నవ్వేమో అనుకున్నాను, కాదు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, తెల్లటి చొక్కా, చేతిలో కర్ర. పక్క వీధిలో లిఫ్టున్న ఫ్లాటుకి మారిపోయి ఈ ఇంటిని ఖాళీగా ఉంచారు.

"ఈ గోడ నేను దగ్గరుండి కట్టించుకున్నాను," అన్నారు. "ఆగస్టులో కాలవ గట్టు తాకుతూ పారేటప్పుడు కూడా దీనికి చెమట పట్టలేదు. అమ్మేముందు కొత్తగా సున్నం కూడా వేయించాను. అప్పుడు ఎండు రొట్టెలా ఉంది. నెల తిరిగేసరికి తడి. నాకే అర్థం కాలేదు. ఈ అమ్మాయి ఫోన్ చేసి, 'తడి దాచిపెట్టి మాకు అంటగడుతున్నారా బాబాయిగారూ' అంది. నా జన్మలో ఎవరికీ పుచ్చు వంకాయ కూడా అంటగట్టలేదు నేను."

"తప్పేనండీ," అంది సుధామణి. "ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు."

"నాకూ సయించలేదు. వేరేవాళ్లు ఎక్కువిస్తామన్నా కాదని నీకు ఖాయం చేశాను." ఆయన నా వైపు తిరిగారు. "ఒక పని చెయ్యండి. నా గోడకి ఈ చెడ్డపేరు ఎవడు తెచ్చాడో వాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టండి. అప్పుడు కూర్చుంటాను. లేదంటే పన్నెండు దాటగానే వాళ్లకి సంతకం పెడతాను. ఈ చెడ్డపేరు మోస్తూ ఈ ఇంటి చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు."

గడియ తీశారు. లోపలికి వెళ్లాం.

పడమటి గదిలో నాకంటే ముందే ఒక మనిషి ఉన్నాడు. గోడకి చెవి ఆనించి, వేలితో టకటకా కొట్టి వింటున్నాడు. పోలరాజు. రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, ఇప్పుడు నాలాగే ప్రైవేటు డిటెక్టివ్. ఏళ్ల తరబడి మా ఇద్దరి బతుకూ ఎదురుబొదురే. ఆయన మగపెళ్లివారి తరఫున వస్తాడు, నేను ఆడపెళ్లివారి తరఫున.

"ఏమ్మాయ్, పెళ్లిళ్లు కుదరట్లేదా? గోడల మీద పడ్డావు," అన్నాడు.

"మీరు ఇక్కడ కూడా మగపెళ్లివారేగా. ఎంత తక్కువకి కొట్టేద్దామా అని చూస్తున్నారు."

"కోచింగ్ సెంటర్ ఓనరుగారు ఇంటి సంగతి చూడమన్నారు, చూశాను. కాలవ నీళ్లు ఊరాయి. లోపల పిల్లర్ ఇనుము తుప్పు పట్టి ఎర్రగా దిగింది. రిపేరు ఖర్చు తీసేసి కొనుక్కోవాలి. అంతే, కేసు క్లోజు."

"కాలవకి నీళ్లు ఎప్పుడు కట్టేశారండీ?"

"ఏప్రిల్‌లో."

"గోడ తడిసింది?"

"మేలో." అని ఆగాడు. ఆయన బుర్ర తక్కువ మనిషేం కాదు, చెప్పగానే తట్టింది. కానీ నా ముందు ఒప్పుకోడు. "భూమిలో తడి ఉండిపోతుంది."

"ఉండిపోయిందే అనుకుందాం. అలాంటప్పుడు తడి కిందనుంచి పైకి పాకాలి కదా. ఇటు రండి."

గోడ మొదట్లో కూర్చున్నాను. నేల దగ్గర సున్నం తెల్లగా, గీకితే పొడిపొడిగా రాలుతోంది. మచ్చ నా నడుము ఎత్తున మొదలై భుజం దాకా ఉంది. కింది అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. నీళ్లకి ఇంత క్రమశిక్షణ ఉండదు. మచ్చకి పైన, రెండు కొసల్లోనూ, మేకులు కొట్టి పీకేసిన బెజ్జాలున్నాయి. ఒకదాంట్లో ఒక పీచు ఇరుక్కుని ఉంది. లాగి చూశాను. జనపనార.

"గోనె పట్టా," అన్నాను. "తడిపి ఈ రెండు మేకులకి తగిలించారు. ఆరగానే మళ్లీ తడిపారు. కొత్త శ్లాబుకి మేస్త్రీలు నీళ్లు పట్టించే పద్ధతే."

సుధామణి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ కళ్లలో వెలుగు చూడాలి. వెంటనే ఫోన్ తీసి వరండాలోకి పరుగెత్తింది. "ఏమండీ, మన గోడ బంగారమండీ. ఎవరో కావాలని తడిపారు. మీరు కొట్టు వదిలేసి రండి, పటమటలంకకి. తర్వాత చెబుతా, ముందు రండి." మా ఆయనకి చెప్పొద్దన్న మనిషి తనే. సంతోషం అలాంటిది.

నేను పోలరాజు వైపు తిరిగాను. ఇక్కడే నేను తొందరపడ్డాను. "ధర తగ్గితే లాభం ఎవరికండీ? మీ పార్టీకి. ఇది మీరు చేయించిందే."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "మాట తూలకు. మా పార్టీకి ఈ ఇల్లు అమ్మకానికుందని తెలిసిందే మీ బేరం తెగాక. కావాలంటే పెద్దాయన్నడుగు. ముప్ఫై ఏళ్లు ఖాకీ వేసుకున్నాను, గోడకి గోతాలు కట్టుకునే ఖర్మ నాకు పట్టలేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ వెంకటప్పయ్యగారు తలూపారు. "నిజమేనమ్మా. వాళ్లు తర్వాతే వచ్చారు."

నా మొహాన చన్నీళ్లు కొట్టినట్టయింది. "క్షమించండి పోలరాజుగారూ," అన్నాను. ఆయన హుందాగా క్షమించాడు, అంటే ఇంకో పదేళ్లు పెళ్లిళ్లలో ఎదురుపడినప్పుడల్లా ఇది ఎత్తి చూపిస్తాడన్నమాట.

మళ్లీ గోడ దగ్గరికే వెళ్లాను. తడి ఆరిపోయి చాలా రోజులైంది గాని ఎరుపు మిగిలింది. తుప్పయితే గోధుమరంగులో ఉంటుంది, నీళ్లు కారినదారంతా చారలు దిగుతాయి. ఇది వేరే ఎరుపు. ఈ ఎరుపు నాకు బాగా తెలుసు. ఎక్కడ చూశాను?

వెలిగింది. నేను బతికేదే పెళ్లిళ్ల మీద. పెళ్లికూతురి పాదాలకి పెట్టే పారాణి ఇది. కొత్త దంపతులకి దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవి. ఆ ఎర్రనీళ్లు ఎలా చేస్తారో తెలుగింట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. పసుపులో సున్నం కలుపుతారు.

"సుధామణిగారూ, ఒక నిమ్మకాయ తెస్తారా?"

ఎదురింటి కొండలమ్మ దగ్గర దొరికింది. చేపలమ్ముకునే ఇంట్లో నిమ్మకాయకి కరువేముంది. కొండలమ్మ కాయతో పాటు తనూ వచ్చేసింది, ఇంత సరదా తన వాకిట్లోకి రోజూ రాదు కదా. ఆమెకి వెంకటప్పయ్యగారంటే భక్తి. ఇంటి తాళం ఆమె దగ్గరే ఉంచారు.

నిమ్మచెక్కని ఎర్రటి మచ్చ మీద గట్టిగా రుద్దాను. సున్నం మీద పులుపు పడి సన్నగా పొంగింది. నేను రుద్దినంత మేరా ఎరుపు పోయి, అచ్చంగా గుమ్మానికి రాసినంత పచ్చగా పసుపు తేలింది.

పోలరాజు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని దగ్గరగా వచ్చి చూశాడు.

"తుప్పుకి ఎంత నిమ్మకాయ పిండినా పసుపు రాదండీ," అన్నాను. నా గొంతు నాకే నీరసంగా వినిపించింది. గెలిచానన్న సంతోషం అరక్షణం కూడా నిలవలేదు. గోడకి కట్టింది అంతకుముందు పసుపు నింపి వాడిన గోతం. ఈ కథలో పసుపు గోతాలు దండిగా ఉన్న మనిషి ఒక్కడే.

సుధామణి ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వుతూ గోడ చూసింది. తర్వాత నన్ను చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో, నవ్వు ఒక్కసారిగా చెదిరిపోయింది.

"కొండలమ్మా," అన్నాను మెల్లగా, "మే నెలలో ఈ ఇంటి తాళం ఎవరైనా తీసుకున్నారా?"

"బేరానికొచ్చినాయన తీసుకున్నాడమ్మా. ఎంత మర్యాద మనిషో. పొద్దున్నే స్కూటర్ మీద గోతాం ఏసుకొచ్చేవోడు. కర్టెన్లకి కిటికీల కొలతలు తీసుకుంటానన్నాడు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఈ ఇంట్లో అన్ని కిటికీలెక్కడున్నాయా అనుకున్నా."

బయట స్కూటర్ ఆగిన చప్పుడైంది. కొండలమ్మ కిటికీలోంచి తొంగి చూసి మొహమంతా విప్పార్చుకుంది.

"అదుగో, ఆ బాబే."

దుర్గాప్రసాద్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పచ్చటి మనిషి, గుండ్రటి మొహం. మమ్మల్నందర్నీ చూసి నవ్వబోయి, గోడ మీద తేలిన పసుపు చూసి ఆగిపోయాడు. పసుపు వ్యాపారికి పసుపు గురించి ఒకరు చెప్పాలా. నుదుటి మీద చెమట తుడుచుకుని, అటూ ఇటూ చూసి, చివరికి నేల మీదే కూర్చుండిపోయాడు.

"బేరం విరగ్గొట్టాలని కాదే సుధా," అన్నాడు. "కాస్త తడి కనబడితే పెద్దాయన కాస్త తగ్గుతారని. అంతే. కొట్లో పాత గోతం ఉంటే పట్టుకొచ్చాను. ఎర్రబడుద్దని అనుకోలేదు."

"పసుపు వ్యాపారం చేస్తూ సున్నం తగిల్తే ఎర్రబడుతుందని తెలీదా?" అన్నాను ఉండబట్టలేక.

"కంగారులో గుర్తు రాలేదండీ. తీరా మేస్త్రీ తుప్పన్నాడు. నేను నోరు విప్పేలోపు ఈవిడ ఫోన్ చేసి బేరమే వద్దనేసింది. ఇంక ఏమని చెప్పను? ఎట్టా చెప్పను?"

సుధామణి ఏడవలేదు, అరవలేదు. "నా చేత ఆయన్ని మోసగాడనిపించారు," అంది. "నెల రోజులుగా నేను కుమిలిపోతుంటే పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నారు." ఆ మాటకి దుర్గాప్రసాద్ తల ఇంకా కిందికి వంగింది. నాకు అతని మీద కోపం వచ్చింది, వెంటనే జాలీ వేసింది. మోసం చెయ్యడం కూడా సరిగ్గా చేతకాని మనిషి.

ఈలోగా వరండాలోంచి పోలరాజు గొంతు వినబడింది. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "సార్, గోడ భేషుగ్గా ఉంది. కాలవా లేదు, తుప్పూ లేదు. ఇప్పుడు మీరడిగిన ధరకి ఇవ్వరు. వదులుకోవద్దు, ఏప్రిల్‌లో ఆవిడకి కుదిరిన ధర కంటే ఎక్కువైనా ఖాయం చేసెయ్యండి. ఆఁ, రండి, పన్నెండయ్యేలోపు వచ్చెయ్యండి."

గోడ మంచిదని రుజువు చేసింది నేను. ఆ రుజువుతోనే ఇల్లు నా క్లయింటు చెయ్యి దాటిపోయేలా ఉంది. సుధామణికి బ్యాంకు ఒప్పుకున్నది ఏప్రిల్ ధరకే. పైన ఒక్క రూపాయి కూడా తేలేదు.

పోలరాజు లోపలికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, మావాళ్లు ధర పెంచుతామంటున్నారు. ఇంకెవరూ ఇవ్వలేనంత." నా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకమ్మాయ్. పని పనే."

వెంకటప్పయ్యగారు ఆయన మాట విన్నట్టు లేదు. కర్ర ఊతంగా వంగి, నేల మీద కూర్చున్న దుర్గాప్రసాద్‌నే చూస్తున్నారు.

"ఎంత తగ్గిస్తాననుకున్నావయ్యా?"

దుర్గాప్రసాద్ గొణిగాడు. ఎంతో నాకు వినిపించలేదు, పెద్దాయనకి వినిపించింది.

"అంతేనా," అన్నారు. "అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదా. అంతకంటే ఎక్కువే తగ్గిద్దామనుకున్నాను. నా మోకాళ్లతో మీ ఆవిడ క్లినిక్కు మెట్లు ఎక్కలేక సగంలో కూర్చుండిపోతే, కిందికి దిగొచ్చి ఆ మెట్ల మీదే వైద్యం చేసింది. ఆ మాట రిజిస్ట్రేషన్ రోజున చెబుదామని దాచుకున్నాను. నువ్వు నోరు తెరిచి అడిగితే అయిపోయే పనికి ఇంత చేశావు."

జీవితమంతా బేరమాడిన మనిషి, అవసరమైన ఒక్కచోట అడగడం మర్చిపోయాడు. నాకు నవ్వాగలేదు. కొండలమ్మ అయితే దాచుకోకుండా నవ్వేసింది.

గేటు బయట కారు హారన్ మోగింది. కోచింగ్ సెంటర్ వాళ్లు. పోలరాజు ఆశగా గుమ్మం వైపు చూశాడు. వెంకటప్పయ్యగారు గోడకి ఆనించి ఉన్న మడత కుర్చీలు రెండు విప్పి ఎదురెదురుగా వేశారు. ఒకదాంట్లో తను కూర్చున్నారు.

"నిలబెట్టమన్నాను, నిలబెట్టారు. నేల మీద కూర్చోబెట్టారనుకోండి," అన్నారు నాతో. "కూర్చో సుధామణీ."

"రాహుకాలం ఇంకా పోలేదండీ," అన్నాడు పోలరాజు ఆఖరి ప్రయత్నంగా.

"సంతకానికి కదయ్యా రాహుకాలం. మాట్లాడుకోవడానికేం."

సుధామణి కూర్చోలేదు. ముందు మొగుడి వైపు తిరిగింది. "మీరు లేవండి. బయటికెళ్లి కారులో వచ్చినవాళ్లకి ఇల్లు బేరంలో ఉందని చెప్పండి. తర్వాత వరండాలో కూర్చోండి. లోపల ఏం వినబడినా మాట్లాడకండి."

దుర్గాప్రసాద్ లేచాడు. గుమ్మం దాటేటప్పుడు వెంకటప్పయ్యగారికి వంగి దణ్ణం పెట్టి వెళ్లాడు. అప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని పమిట సర్దుకుంది.

"బాబాయిగారూ, మీరు తగ్గించాలనుకున్నది తగ్గించొద్దు," అంది. "ఏప్రిల్‌లో మీరు చెప్పిన ధరే ఇస్తాను. ఒక్క రూపాయి తక్కువైనా నేను తీసుకోను. ఆ రోజు ఫోన్‌లో మిమ్మల్ని ఆ మాటన్నందుకు నా మనసు అప్పుడే తేలికపడుతుంది."

పెద్దాయన సరేనన్నట్టు తల ఊపారు.

వరండాలోంచి ఎవరో మూలిగారు. గుండె పట్టుకున్నాడేమోనని నేను పరుగెత్తుకెళ్లి చూశాను. ఏమీ కాలేదు. దుర్గాప్రసాద్ స్తంభానికి ఆనుకుని, రెండు చేతులతో తన నోరు తనే గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.